క్రోయిడన్ గోడ మీది ముత్తాతగారు

పోయిన శనివారం మధ్యాహ్నం మా ముత్తాతగారిని ఒక పచారీ కొట్లో చూశాను.

మామూలుగా వంకాయలకీ కరివేపాకుకీ మేము వెళ్ళే కొట్టు లండన్ శివారు క్రోయిడన్‌లో ట్రాము దిగగానే వస్తుంది. ఆ రోజు అక్కడ కాలు పెట్టే సందు లేక, పక్కనే కొత్తగా తెరిచిన రొమేనియా వాళ్ళ కొట్లో దోసకాయ ఊరగాయ బాగుంటుందని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, మా ఆవిడతో సహా లోపలికి అడుగుపెట్టాను. కౌంటరు వెనక గోడ మీద, మన ఆవకాయ జాడీలంతేసి సీసాల్లో ఊరేసిన క్యాబేజీకి సరిగ్గా పైన, అద్దాల పటంలోంచి ఆయన నన్నే చూస్తున్నాడు. అదే నల్లటి గడ్డం, అదే కోటేరు ముక్కు, కనుబొమల దాకా దిగిన బొచ్చుటోపీ, ఆ టోపీకి గుచ్చిన తురాయి, భుజాల మీంచి జారే అంగవస్త్రం. నా రెండు చేతులూ వాటంతట అవే దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టేశాయి. మా ఆవిడ మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"చాల్లెండి. ఇక్కడ చుట్టరికాలు కలపకండి. ఆయన తాలూకు మనుషులు నిజంగానే ఇక్కడున్నారు."

ఆయన రొమేనియా దేశాన్ని నాలుగు వందల ఏళ్ళ కిందట ఏలిన ఒక ప్రభువు. పేరు చెప్పను, నాకు నోరు తిరగదు, తప్పు రాస్తే నొచ్చుకునే మనిషి ఒకడున్నాడు. మూడు రాజ్యాలుగా ఉన్న తన జనాన్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చిన వీరుడట, కాని ఆ మూడూ కలిసి ఉన్నది ఏడాదైనా నిండలేదట. మూడు ప్రాంతాలవాళ్ళని ఏడాది పాటు ఒకే సంఘంలో నిలబెట్టడం ఎంత గొప్ప విద్యో, ఈ దేశంలో ఉగాది సంబరాలు జరిపించిన మీకు నేను వేరే చెప్పాలా? అంతటి మనిషిని నేను కొన్నాళ్ళు మా ముత్తాతని చేసి చెలామణీ చేశాను. దానివల్ల నా పెళ్ళి ఎత్తిపోయేంత పనైంది. నా ఈడువాళ్ళు, అంటే ఫోను కార్డు వెనక గీకి, ఆ అంకెలన్నీ నొక్కి, అమ్మ గొంతు వినపడే లోపల కార్డులో నిమిషాలు అయిపోయిన తరంవాళ్ళు, ఈ కథని కొంచెం సానుభూతితో చదువుతారని ఆశ.

పదహారేళ్ళ కిందటి మాట. అనంతపురం నుంచి వచ్చి పట్టుమని పదకొండు రోజులైంది. క్రోయిడన్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేరు పరీక్షించే ఉద్యోగం; అంటే ఇతరులు చేసిన తప్పులు పట్టుకుని జీతం తీసుకోవడం. నాలుగు గదుల ఇంట్లో మేడ మీద వెనక గది నాది. ఎదురుగా ఇద్దరుండేవారట, వాళ్ళ షిఫ్టులు వేరు కాబట్టి నేను మనుషుల్ని చూడలేదు, బాత్‌రూములో షాంపూ సీసాలు చూసి ఉన్నారని నమ్మేవాణ్ణి. కింద ముందుగదిలోకి ఆ సాయంత్రం ఒక రొమేనియా వడ్రంగి దిగాడు. యాభై దాటిన మనిషి, చీపురు మీసాలు, తలుపు చెక్కలాంటి వీపు.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన వరండాలో స్టూలెక్కి, నోట్లో మేకు పట్టుకుని, ఈ పటాన్ని గోడకి తగిలించే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన గది గోడలన్నీ చెమ్మ; ఇల్లంతటికీ పొడిగా ఉన్న గోడ అదొక్కటే. ఏమైనా సాయం కావాలా అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన మేకు తీసి, "దా, దా" అన్నాడు.

పదకొండు రోజులుగా పక్కనున్న మనిషి నోట తెలుగు మాట విననివాణ్ణి. మా వైపు పసిపిల్లల్నీ లేగదూడల్నీ దగ్గరి చుట్టాల్నీ పిలిచే మాట అది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూట్లు విప్పి, తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆయన వెనకే వచ్చి, గుమ్మంలో నిలబడి, సుత్తి చేత్తో పట్టుకుని, నన్ను చాలాసేపు చూశాడు. వచ్చి కూర్చున్నవాణ్ణి తినకుండా పొమ్మనకూడదన్న మర్యాద వాళ్ళ ఊళ్ళో కూడా ఉంది కాబట్టి బతికిపోయాను. వంటింట్లో పొయ్యి మీది గిన్నెని తెచ్చి చెక్క మీద బోర్లించాడు. పచ్చటి మొక్కజొన్న పిండి ముద్ద, పొగలు కక్కుతూ, గిన్నె ఆకారంలోనే నిలబడింది. దాన్ని దారంతో ముక్కలు కోసి, పైన పుల్లటి మీగడ వేసి నా ముందు పెట్టాడు. రంగు ఒక్కటే తేడా, అది మా సంగటి. నేను మాటామంతీ లేకుండా మూడు ముక్కలు తిన్నాను.

వాళ్ళ భాషలో 'దా' అంటే అవును అని నాకు తెలిసేసరికి రెండు వారాలు పట్టింది. నువ్వు నేను పిలవకుండానే ఎందుకు వచ్చి కూర్చుంటావు అని ఆయనే ఒకరోజు చాలా మృదువుగా అడిగాడు. అప్పుడు ఇద్దరం లెక్కేసుకుంటే ఆయన అవునన్న ప్రతిసారీ నేను వెళ్ళి భోజనం చేశానని తేలింది.

ఆ పటం నూనె రంగుల చిత్రమేమీ కాదు. అచ్చు యంత్రం మీద వేల కొద్దీ కొట్టిన కాగితం, నాలుగు మూలలా పిన్నులు గుచ్చిన బెజ్జాలు, అడుగున పేరు అచ్చేసిన వరస పటం చట్రం కిందికి మడిచేసి ఉండేది. వడ్రంగి చదివిన బడిలో నల్లబల్ల పైన ఉండేదట. పిల్లలు లేక ఆ బడి మూసేసిన రోజు, దానికి తలుపులూ కిటికీలూ చేసి బిగించిన వాళ్ళ నాన్న వెళ్ళి, మిగతా సామానంతా ఎవరెవరో పట్టుకుపోతుంటే ఈ కాగితం ఒక్కటే చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడట. చట్రం వాళ్ళ నాన్న చెక్కిందే. ఆదివారం ఆదివారం వడ్రంగి చొక్కా చేతికొసతో అద్దం తుడిచి, వీలైతే నాకు రాజుగారి యుద్ధాల గురించి చెప్పేవాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మాటలు ఓ నలభై. గుర్రాలు, మంచు, నమ్మినవాళ్ళే చంపడం, ఇవన్నీ చేతులతోనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గుర్రాల సంఖ్య మారకుండా ఉండడం నాకు ఆశ్చర్యంగా ఉండేది. నేనైతే ఈపాటికి రెట్టింపు చేసేవాణ్ణి.

ఇలా ఉండగా మా అమ్మ ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయివాళ్ళది కాకినాడ. అమ్మాయి షెఫీల్డ్‌లో ఫిజియోథెరపిస్టు, మేనమామ ఇంట్లో ఉండేది. ఆమెకు ఆసుపత్రి డ్యూటీల రోటా ప్రకారం బుధవారం సాయంత్రం ఖాళీ, ఆ బుధవారాలు ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం. మొదటి బుధవారం, క్రోయిడన్ ట్రాము డ్రైవరు నన్ను దూరం నుంచి చూసి ట్రాముని వెనక్కి నడిపాడని చెప్పాను. రెండో బుధవారం, మా ఆఫీసు లిఫ్టుకి నా గొంతు తప్ప ఇంకొకరి మాట ఎక్కదని చెప్పాను. నమ్మలేదు. కాని నవ్వింది. ఆ నవ్వు ముందు చిన్నగా ముక్కులో మొదలై, ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక బయటపడే రకం. మూడో బుధవారం వచ్చేలోగా నాకు రూఢి అయిపోయింది, ఈ నవ్వు వినకుండా నా ముసలితనం గడవదని.

మేనమామగారు నన్ను చూడ్డానికి అత్తయ్యగారితో కలిసి ఒక ఆదివారం రైల్లో వచ్చారు. ఆయన మత్తు డాక్టరు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వాడి ఊపిరి లెక్కపెడుతున్నట్టు చూసేవారు. అత్తయ్యగారి చేతిలో కాజాల డబ్బా. వరండాలో బూట్లు విప్పుకుంటూ ఆయన తలెత్తి పటం చూసి ఆగిపోయారు.

"ఎవరయ్యా ఈయన? మహారాజులా ఉన్నాడు."

కింద గది వడ్రంగి గారి దేశపు రాజండి అనడానికి ఎంతసేపు? కాని ఆయన గొంతులో ఆ అబ్బురం విన్నాక నా నాలుక నా మాట వినలేదు.

"మా ముత్తాతగారండి," అన్నాను.

ఒకసారి బయల్దేరాక అది ఎక్కడ ఆగుతుంది? పాళెగాడన్నాను. ఎనిమిది ఊళ్ళు ఆయన కనుసన్నల్లో మెలిగేవన్నాను. ఏకంగా ఒక కోట కూడా కట్టించి, దాన్ని వెంటనే తెల్లదొరల ఫిరంగులతో కూలగొట్టించాను, లేకపోతే చూపించమంటారు కదా.

"మరి ఈ బొచ్చుటోపీ ఏవిటయ్యా?"

"అనంతపురం చలి మీకు తెలీదండి."

కాకినాడ మనిషి కనుక నమ్మేశారు. సరిగ్గా అప్పుడే వడ్రంగి చేతిలో గరిటెతో వంటింట్లోంచి తొంగిచూశాడు. మామయ్యగారు ఆయన వైపు తిరిగి, ఈయన ఇతని ముత్తాతేనా అని ఇంగ్లీషులో గబగబా అడిగేశారు. వడ్రంగికి అందులో ఒక్క ముక్క అందలేదు. వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు, నవ్వుతూ అడుగుతున్నారు, కాదనడం ఎందుకని, "దా, దా" అన్నాడు.

"రమ్మంటున్నాడే!" అని మామయ్యగారు ఆనందంగా ఆయన వెనకే వంటింట్లోకి నడిచారు. అక్కడ చెక్క మీద ముద్ద చూసి ఇంకా మురిసిపోయారు. "చూశావటే, ఈ తెల్లాయనకి తెలుగూ నేర్పాడు, వాళ్ళ సీమ సంగటీ నేర్పాడు!" అత్తయ్యగారు మాత్రం వరండాలోనే, పటం కేసి చూస్తూ, చీరకొంగు భుజం చుట్టూ లాక్కుని నిలబడ్డారు. ఆ లాక్కోవడం నేను గమనించి ఉండాల్సింది. వాళ్ళు వెళ్ళాక, పెళ్ళి నిశ్చయమైనట్టే అనుకుని డబ్బాలో కాజాలన్నీ నేనే తిన్నాను.

మూడో రోజు అమ్మ ఫోను.

"ఏం రా, మనం పాళెగాళ్ళమంట కదా? ఎప్పట్నించి రా?"

విషయం ఏమిటంటే, మేనమామగారు మెచ్చుకుంటూ చెప్పిన మాటే కాకినాడలో ఇంకోలా వినపడింది. సీమ, అందులో పాళెగాళ్ళు, ఎనిమిది ఊళ్ళు, కోట. అమ్మాయి నాన్నగారికి ఆ రాత్రి నిద్రపట్టలేదట. మర్నాడు అమ్మకి ఫోను చేసి, చాలా మర్యాదగా, మీ కుటుంబంలో పాత కక్షలేమైనా ఉన్నాయాండి, ఇప్పటికీ జీపుల్లో తిరుగుతారాండి, అని అడిగారట. పిల్లని ఇవ్వడానికి భయంగా ఉందన్నారట.

"మీ ముత్తాత శెనక్కాయ చేనుకు కావలి కాసి కాకుల్ని తోలినోడు రా. కాకులు కూడా ఆయనకు భయపడేటివి కావంట."

"మరి నువ్వేమన్నావమ్మా?"

"నాకు సరిగా ఇనపళ్ళేదని ఫోను పెట్టేసినా. నువ్వు కట్టిన కోట, నువ్వే కూలగొట్టుకో."

ఎటూ కదల్లేని చోట ఇరుక్కున్నాను. ఊరుకుంటే కత్తుల ఇంటివాణ్ణి. నిజం చెబితే అబద్ధాలకోరుని. ఏ తండ్రైనా ఈ ఇద్దరిలో ఎవరికి పిల్లనిస్తాడు? ఆ బుధవారం ఫోను మోగలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఆ వారమంతా ట్రాములో కూర్చుని ఆమెకు చెప్పడానికి కొత్త కథలు తయారు చేసుకుని, వినేవాళ్ళు లేక, వాటిని ఆఫీసు మెట్ల మీద వదిలేసేవాణ్ణి.

కనీసం వడ్రంగైనా కడుపారా నవ్వుతాడని వెళ్ళి జరిగిందంతా చేతులతో చూపిస్తూ చెప్పాను. ఆయన నవ్వలేదు. ముఖం మెల్లగా ముడుచుకుంది. లేచి వరండాలోకి వెళ్ళి, పటం దించి, తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు. ఆ చెమ్మ గోడల గదిలోకి. మూడు రోజులు గోడ మీద మేకు ఒక్కటే ఉంది. మూడు రోజులు వంటింట్లో ఎదురుపడినా గిన్నె వైపు చూసి పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. నాకు ఆ పటం ఒక తమాషా గడ్డం. ఆయనకి అది మూతబడిన బడి, చంకలో కాగితం చుట్ట పెట్టుకుని ఇంటికి నడిచివచ్చిన నాన్న.

నాలుగో రోజు ఆయన తలుపు తట్టి, జీవితంలో మొదటిసారి పిలిచేదాకా బయటే నిలబడ్డాను. పిలిచాడు. మంచం మీద కూర్చోలేదు. తప్పయిందన్నాను. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, మీ అసలు ముత్తాత ఏం చేసేవాడని. చేలో కాకుల్ని తోలేవాడని చెప్పాను.

"అందులో తప్పేముంది?" అన్నాడు ఆయన. అప్పుడు పటం మీద చెయ్యి వేసి, తనకున్న నలభై మాటల్లోంచి ఏరుకుని ఏరుకుని అన్నాడు, "ఈయన నీ అబద్ధంలో ఉండకూడదు. వెళ్దాం. ఈయన్ని నేను తెస్తాను. మాట నువ్వు చెప్పు."

ఆ శనివారం పొద్దున ముగ్గురం షెఫీల్డ్ రైలెక్కాం, నేనూ, వడ్రంగీ, పూలదుప్పట్లో చుట్టుకుని రాజుగారూ. టిక్కెట్లు చూసే ఆయన దుప్పటి తొలగించి ఈయనకి టిక్కెట్టేదని అడిగాడని నేను చాలాచోట్ల చెప్పాను. అది కల్పన. కాని షెఫీల్డ్‌లో ఆ కొండరోడ్డు నిజం. నిట్టనిలువుగా ఉన్న ఆ వీధిలో, వానలో, పటాన్ని వంతులేసుకుని మోశాం. నేను నిజం చెప్పడం సాధన చేస్తూ ఎక్కాను. ఎక్కినకొద్దీ వాక్యం పొట్టిదవుతూ వచ్చింది, ఆయాసం వల్ల.

అత్తయ్యగారు తలుపు తీసి, తడిసిన వడ్రంగిని చూసి జాలిపడి, "అయ్యో, దా బాబూ, లోపలికి దా" అన్నారు. ఆయన "దా" అన్నాడు. ఇద్దరూ తృప్తిపడ్డారు.

ముందుగదిలో మామయ్యగారు సోఫాలో. అమ్మాయి అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినట్టుంది, యూనిఫారం మీదే గుమ్మంలో నిలబడి ఉంది. ఫొటోలో తప్ప నేను ఆమెని చూడడం అదే మొదలు, ఆమె చూపు నా మీద లేదు, దుప్పటి మీద ఉంది. వడ్రంగి దుప్పటి విప్పాడు. నేను చెప్పేశాను. పటంలో ఉన్నది మా ముత్తాత కాదండి, ఈ వడ్రంగి గారి దేశపు రాజు, నేను అబద్ధమాడాను, కోట కూడా లేదు.

మామయ్యగారు పటం కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూశారు.

"అంటే మీరు పాళెగాళ్ళు కారు," అన్నారు మామయ్యగారు.

"కామండి."

"కక్షలూ అవీ?"

"మా ఇంట్లో ఆయుధమంటే కత్తిపీట ఒక్కటేనండి. అది కూడా మొద్దుబారిందని మా అమ్మ పోరు."

"మరి ఆ సంగటి?"

"అది కూడా ఈయనదేనండి."

మామయ్యగారు వడ్రంగి వైపు తిరిగి, ఇతను చెప్పేది నిజమేనా అని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అడిగారు. ఈసారి వడ్రంగికి పూర్తిగా అర్థమైంది. "దా," అన్నాడు గంభీరంగా. మామయ్యగారు అలవాటుగా సోఫాలోంచి సగం లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలీక, మళ్ళీ కూర్చున్నారు.

"అమ్మయ్య," అన్నారు అత్తయ్యగారు గుండె మీద చెయ్యి వేసుకుని. "కత్తులు లేవు కదా, అంతే చాలు."

"ఏవిటే అమ్మయ్య? కత్తి పట్టినవాడైతే దూరం నుంచే కనపడతాడు. అబద్ధం చెప్పేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఎలా కనిపెడతాం? రేపు ఈ పిల్లతో ఏది నిజం చెబుతాడో, ఏది కాదో?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, భయంగా అన్నారు. మేనకోడలి కోసం భయపడే హక్కు ఆయనకుంది. నేను లేచి నిలబడ్డాను, వెళ్ళిపోవడానికే.

"ఉండండి," అంది అమ్మాయి. ఆ ఇంట్లో ఆమె నాతో అన్న మొదటి మాట. "మీ అసలు ముత్తాతగారి గురించి చెప్పండి. నిజం మాత్రమే."

చెప్పాను. చేలో నాలుగు గుంజల మీద మంచె వేసుకుని, పగలంతా దాని మీదే ఉండి, నూనె డబ్బా మీద కర్రతో వాయిస్తూ పాడేవాడని చెప్పాను. శ్రుతి ఉండేది కాదని, డబ్బా చప్పుడుకి ఎగిరిపోయిన కాకులు పాట మొదలుకాగానే తిరిగి వచ్చి వరసగా గట్టు మీద వాలేవని, ఊళ్ళో అందరూ చెప్పుకునేవారని చెప్పాను.

"పాట వినడానికి వచ్చేవా?"

"వచ్చిన మాట నిజమండి. వినడానికా, తినడానికా అన్నది నేను సాక్ష్యం చెప్పలేను."

ముందు ముక్కులో మొదలైంది. ఆపుకోవాలని చూసింది. వాళ్ళ మామయ్య ముఖం చూసి ఇంకా గట్టిగా ఆపుకోవాలని చూసి, కుదరక, గుమ్మం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని నాతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మీరు ఊరందరికీ ఏ కథైనా చెప్పుకోండి. కాని ముందు నాకు నిజం చెప్పి, ఆ తర్వాత వాళ్ళకి చెప్పండి. ఆ వరస తప్పితే మాత్రం నేను ఊరుకోను."

మామయ్యగారు ఆ రోజు సరేననలేదు. ముందు మా బావగారికి నువ్వే ఫోను చేసి చెప్పు, ఆ తర్వాత చూద్దాం, అన్నారు. అందరి ఎదుటా కాకినాడ ఫోను చేసి, అదే పొట్టి వాక్యం మళ్ళీ చెప్పాను. అమ్మాయి నాన్నగారు జీపు ఉందా లేదా అని అడిగారు. సైకిలుందన్నాను. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఆలోచించుకోవడానికి నాలుగు నెలలు తీసుకున్నారు. ఆ నాలుగు నెలల బుధవారాలన్నీ నేను నిజాలే చెప్పాను, నిజం కూడా ఓపిగ్గా చెబితే నవ్వు తెప్పిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మేము వచ్చేస్తుంటే అత్తయ్యగారికి ఒక సంకోచం పట్టుకుంది. గడప తొక్కినవాళ్ళని బొట్టు పెట్టకుండా పంపడం ఆవిడకి చేతకాదు, కాని ఉన్నవాళ్ళిద్దరమూ మగవాళ్ళం. కాసేపు అటూ ఇటూ చూసి, కుంకుమ భరిణె తెచ్చి, "రాజుగారు కదా, పాపం అంత దూరం నుంచి వచ్చాడు" అంటూ పటానికి, టోపీ కింద, నుదుటి మీద, అద్దం పైనే ఒక చుక్క పెట్టారు. నేను హడలిపోయి వడ్రంగి వైపు చూశాను. ఆయన చుక్కనే చూస్తూ, మీసాల కింద పెదవులు బిగించుకుని, తలవంచి ఆవిడకి నమస్కరించాడు. మర్నాడు పటం వరండాలోకి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆదివారాలు అద్దం తుడిచేటప్పుడు ఆయన చేతికొసని ఆ చుక్క చుట్టూ తిప్పి తుడవడం నేను కళ్ళారా చూశాను. ఇది మాత్రం కల్పన కాదు, మా ఆవిడనే అడగండి.

మా పెళ్ళిపీటలు ఆయన చేసినవే. ఓక్ చెక్క, ఇద్దరు మనుషులు ఎత్తితే గాని లేవవు. పురోహితుడు జరపమన్నప్పుడల్లా పెళ్ళిమండపంలో సగం మంది లేచేవారు. కొన్నేళ్ళకి ఆయన రాజుగారిని అదే పూలదుప్పట్లో చుట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. అక్కడ మనవలకి ఒకటి, రెండు అని లెక్కలు నేర్పుతున్నాడట. పండక్కి ఫోను చేస్తాడు. ఆయన ఇంగ్లీషు ఇప్పుడు ఇరవై మాటలకి తగ్గింది, నా రొమేనియన్ ఒక్క మాట దగ్గరే ఉంది, మాకు అది సరిపోతోంది.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి ఇంకో కారణం ఉంది. వచ్చే ఆదివారం మేమిద్దరం బెల్‌ఫాస్ట్ వెళ్తున్నాం, మా ఆవిడ పిన్ని కూతురు ఇష్టపడిన అబ్బాయిని చూడ్డానికి. ఎప్పుడయ్యానో తెలీదు గాని, నేనే మేనమామ స్థానంలోకి వచ్చేశాను. ఆ అబ్బాయి ఎత్తు, ఉద్యోగం, చదివిన కాలేజీ, వాళ్ళ తాతగారి ఊరు, అన్నీ ఆ పిల్ల ఫోనులోనే సరిచూసుకుంది. తెలుసుకోవడానికి ఏమీ మిగలనప్పుడు ఇంక మేమెందుకమ్మా అని అడిగాను.

"మీరు వెళ్ళి కూర్చోండి బావగారూ," అంది. "కూర్చుంటే తెలిసేవి వేరే ఉంటాయిగా."

ఆ మాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది. ఈ కాలం పిల్లలకి ఏమీ తెలీదని మనం అనుకుంటాం గాని, వాళ్ళకి తెలుసు. ఒక్కటే నాకు బెంగ. మా రోజుల్లో అబద్ధానికి కొన్ని వారాల ఆయుష్షుండేది. ఆ వారాల్లో దాన్ని చెప్పినవాడికి సిగ్గుపడే తీరిక, తలుపు తట్టే తీరిక, రైలెక్కి కొండరోడ్డు ఎక్కే తీరిక దొరికేవి. పట్టుబడక ముందే తనంతట తాను వెళ్ళి చెప్పుకునే అదృష్టం ఉండేది. ఇప్పుడు చెప్పినవాడు నోరు మూసేలోపే విన్నవాళ్ళు వేలితో ఫోను తాకి వాణ్ణి పట్టేసుకుంటారు. పాపం, దిద్దుకోవడానికి వాడికి వ్యవధి ఏది?

అందుకని మా ఆవిడా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ అబ్బాయి కుర్రతనం కొద్దీ ఏవైనా కోతలు కోస్తే, అవి ఎంత పెద్దవైనా సరే, మా ఫోనులు సంచిలోంచి తీయం. అబ్బురంగా వింటాం, పెట్టింది తింటాం, లేచి వచ్చేస్తాం. వచ్చాక ఓ నెల్లాళ్ళు ఆగుతాం. ఆ నెల శనివారాల్లో మాత్రం ఎక్కడికీ వెళ్ళకుండా, తలుపు తడితే వినపడేలా టీవీ గొంతు కొంచెం తగ్గించుకుని, ఇంట్లోనే ఉంటాం.